బొమ్మ ముందు ఇద్దరు

మాది ఆనందపురం. జాతీయ రహదారి మీద విశాఖ నుంచి విజయనగరం వెళ్ళేవాళ్ళకి మా జంక్షను బాగా తెలుసు. తెల్లవారకముందే అక్కడ పూల మార్కెట్టు మొదలవుతుంది. చామంతి, బంతి, మల్లె గోనెల్లో, బుట్టల్లో దిగుతాయి. ఎండ ఎక్కేసరికి సగం పూలు ఊరు దాటిపోతాయి. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. 1985లో ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో చేరి, 31 ఏళ్ళు పనిచేసి 2016లో రిటైరయ్యాను. ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసి, మా నాన్న కట్టిన ఇంటికి తిరిగొచ్చాం. 2019లో నా భార్య పోయింది. కొడుకు టొరంటోలో ఉంటాడు, కూతురు హైదరాబాదు మియాపూర్‌లో. నాలుగేళ్ళు ఈ ఇంట్లో ఒక్కడినే ఉన్నాను. 2023లో కూతురి కూతురు ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మల కోర్సులో చేరి, హాస్టలు వద్దని నా దగ్గరకి వచ్చేసింది.

ఆ పిల్ల రాత్రి అన్నాలయ్యాక నా పక్కన కూర్చుని బొమ్మలు చూపిస్తుంది. కొన్ని ఫోన్లో, కొన్ని లైబ్రరీ పుస్తకాల్లో. ఒక ఏడాది వాళ్ళకిచ్చిన విషయం మహానగరం, యంత్రం, ఒంటరితనం. "దీనికి నువ్వే నాకు మాస్టారివి తాతా" అంది. నేను బొమ్మలు నేర్చుకున్నవాణ్ణి కాను. యంత్రం మాత్రం తెలుసు, ఒంటరితనం ఆ నాలుగేళ్ళలో తెలిసింది. మేమిద్దరం కలిసి చూసిన బొమ్మల్లోంచి నాకు దొరికిన సంగతులు ఇవి. బొమ్మలు వేసే పిల్లలకి, పిల్లల్ని దూరం పంపుకున్న నా వయసువాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

1. కన్నీళ్ళు పెట్టుకునే ముందు యంత్రం ఎలా నడుస్తుందో చూడండి

ఈ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. అద్దాల గదిలో ఒక పెద్ద రోబో చెయ్యి. కింద నెత్తురులాంటి చిక్కటి ఎర్ర ద్రవం. అది నేల మీద పాకి పోతుంటే ఆ చెయ్యి తిరిగి తిరిగి దాన్ని తన మొదట్లోకి ఊడ్చుకుంటూ ఉంటుంది. వెనకాల ఏడుపు సంగీతం. కింద ఒక కథ రాసి ఉంటుంది: ఆ ద్రవమే దాని ప్రాణమనీ, కారిపోతున్న ప్రాణాన్ని కూడదీసుకుని కూడదీసుకుని అలిసిపోయి 2019లో చచ్చిపోయిందనీ. మా రిటైరైన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకే వారంలో నాలుగుసార్లు వచ్చింది.

నాకు మొదటి చూపులోనే అనుమానం వచ్చింది. ద్రవమే ప్రాణమంటే అది ఆయిల్ ఒత్తిడితో నడవాలి. అలాంటి యంత్రమైతే పంపు, ట్యాంకు, గొట్టాలు ఉండాలి. లీకైన ఆయిల్‌ని నేల మీద నుంచి ఊడ్చి దగ్గరికి తోస్తే అది యంత్రంలోకి ఎక్కదు. ఇది ప్రతి కీలు దగ్గరా మోటారు పెట్టి కరెంటుతో నడిపే చెయ్యి. కార్ల ఫ్యాక్టరీల్లో వెల్డింగుకి ఇలాంటివే వాడతారు. నేనామాట అంటే మనవరాలు వెతికి చూసి చెప్పింది. సున్ యువాన్, పెంగ్ యు అనే చైనా కళాకారుల జంట 2016లో న్యూయార్కులోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కోసం దీన్ని చేశారు. 2019లో వెనిస్ బినాలెలోనూ పెట్టారు. చెయ్యి కూకా కంపెనీది. ఎర్రగా కనబడేది రంగు కలిపి చిక్కబరిచిన నీళ్ళు. అవి గీత దాటితే కెమెరాలు చూసి కబురు పెడతాయి, చెయ్యి వచ్చి తోస్తుంది. మధ్యలో వంగి దండం పెట్టడం, గోక్కోవడం లాంటి 32 కదలికలు దానికి నేర్పారు. 2019లో ప్రదర్శన అయ్యాక ఆపేశారు. చావన్నది ఫోన్లలో పుట్టిన కథ.

ఇదంతా గ్రూపులో రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. మర్నాడు కోక్ ఓవెన్స్‌లో పనిచేసిన పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. "నువ్వు రాసింది నిజమే బావూ. కానీ మా ఇంటిది పోయినకాడి నుంచి నాను చేస్తున్న పనేటి? అదే గదా" అన్నాడు.

ఆ మాటతో నా వాకిలి గుర్తొచ్చింది. నా భార్య రోజూ రెండుపూటలా వాకిలి ఊడ్చేది. ఆమె పోయాక నేనూ రెండుపూటలా ఊడ్చాను. ఆకు పడినా ఊడ్చాను, పడకపోయినా ఊడ్చాను. నాలుగేళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఎందుకని అడిగేవాళ్ళు లేరు కనక నేనూ అడుక్కోలేదు.

ఆ కళాకారులు చెప్పదలచుకున్నది హద్దుల గురించి, హద్దు దాటినదాన్ని కనిపెట్టి వెనక్కి తోసే నిఘా గురించి. లోకంలో లక్షలమందికి అందులో తమ ఇల్లు కనబడింది. రెండూ ఆ బొమ్మలో ఉన్నాయి. నా కోపమంతా కథ అల్లినవాళ్ళ మీదే. నిజంగా ఉన్న యంత్రమే అంత బలంగా ఉంటే, చావు కథ, ఏడుపు పాట దానికి తగిలించడం ఎందుకు? మనవరాలితో ఒకటే చెప్పాను: యంత్రాన్ని వేస్తే దాని మోటారు ఎక్కడుందో తెలుసుకుని వెయ్యి తల్లీ, దుఃఖం సంగతి చూసేవాళ్ళు చూసుకుంటారు.

2. ఫోను రాకముందు కూడా జనం ఒంటరిగానే తిన్నారు

అన్నిటికీ ఫోనే కారణమని మా వయసువాళ్ళం రోజూ అంటుంటాం. నేనూ అన్నాను. దానికి జవాబుగా పిల్ల ఒక పాత బొమ్మ చూపించింది. ఎడ్వర్డ్ హాపర్ అనే అమెరికా చిత్రకారుడు 1927లో వేసినది, పేరు 'ఆటోమాట్'. ఆటోమాట్ అంటే ఆ రోజుల్లో యంత్రపు హోటలు. గోడ నిండా అద్దాల గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో తినుబండారం. చిల్లర వేసి మర తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, తీసుకుని వెళ్ళి కూర్చోవడమే. అమెరికాలో మొదటిది 1902లో ఫిలడెల్ఫియాలో పెట్టారు. వడ్డించేవాడు కనబడడు.

బొమ్మలో రాత్రి. గుండ్రటి బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న ఒక యువతి, చేతిలో కప్పు. ఒక చేతికి గ్లౌజు ఉంది, రెండో చేతికి తీసేసింది. ఎదురుగా ఖాళీ కుర్చీ. వెనక కిటికీలో వీధి లేదు, మనుషులు లేరు. లోపలి దీపాల వరసలు రెండూ చీకట్లోకి పోతూ కనబడతాయి, అంతే. గూళ్ళు గానీ చిల్లర వేసే కన్నం గానీ హాపర్ వెయ్యలేదు. యంత్రం బొమ్మలో ఎక్కడా లేదు, పేరులో మాత్రమే ఉంది. ఆ నేర్పు నాకు చాలా నచ్చింది.

దాన్ని చూస్తుంటే మియాపూర్‌లో మా అమ్మాయి ఫ్లాటు గుర్తొచ్చింది. పదకొండో అంతస్తు. గంట మోగింది, నేను వెళ్ళి తలుపు తీసేసరికి గుమ్మం ముందు అన్నం పొట్లం ఉంది, లిఫ్టు కిందికి దిగుతోంది. తెచ్చిన కుర్రాడి ముఖం నేను చూడలేదు, నా ముఖం వాడూ చూడలేదు. "తలుపు దగ్గర పెట్టి వెళ్ళమని ఆప్షను పెట్టాను నాన్నా, వాళ్ళకీ టైం కలిసొస్తుంది" అంది మా అమ్మాయి. దాని మాటలో తప్పులేదు. మా ఇంటికి పాలు తెచ్చేవాడికి ఒకరోజు పాలు వద్దంటే ఒంట్లో బాగాలేదా అని ఆగి అడుగుతాడు. ఆ కుర్రాడికి ఆగే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

జపాన్‌లో ఇషిదా తెత్సుయా అనే కుర్రవాడు ముఖం చూడని ఈ తిండినే ఇంకా కటువుగా వేశాడు. 1996లో వేసిన ఒక బొమ్మలో ఉద్యోగులు ఫలహారశాల బల్ల ముందు కోట్లు వేసుకుని వరసగా కూర్చుని ఉంటారు. పనివాళ్ళు పెట్రోలు బంకు గొట్టంతో వాళ్ళ నోళ్ళలోకి తిండి నింపుతుంటారు. అతను 2005లో రైలు కింద పడి 31 ఏళ్ళకే పోయాడు. ఆ బొమ్మ నేను రెండోసారి చూడలేకపోయాను.

3. పనివాణ్ణి గీసే ముందు అతని కలేమిటో అడగండి

త్సావో ఫేయ్ అనే చైనా కళాకారిణి 2006లో ఫోషాన్ ఊళ్ళో ఒక బల్బుల ఫ్యాక్టరీలో ఇరవై నిమిషాల చిత్రం తీసింది. దాని పేరుకి 'ఎవరి స్వర్గం ఇది' అన్న అర్థం వస్తుంది. మొదట యంత్రాలు బల్బులు ఊదడం, చేతులు వాటిని ఏరడం, పెట్టెల్లో సర్దడం. తర్వాత అదే షాపులో అవే వరసల మధ్య ఒక అమ్మాయి తెల్లటి గౌనులో మునివేళ్ళ మీద నాట్యం చేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తరు, పని చేసుకుంటూనే ఉంటారు. చివర్లో ఒక్కొక్క కార్మికుడు తన మిషను ముందు నిలబడి కదలకుండా మనకేసి చూస్తాడు. ఆమె ఆ పనివాళ్ళతో నెలలు గడిపి, వాళ్ళేం కావాలనుకుంటున్నారో అడిగి మరీ ఇది తీసింది.

మా ప్లాంటుకి ఎంతోమంది ఫోటోలవాళ్ళు వచ్చారు. కరిగిన ఇనుము పారుతుంటే మిణుగురులు లేచే ఫోటో అందరికీ కావాలి. ఆ వెలుగులో మేం నల్లటి నీడలం. నేను ఉన్నన్నాళ్ళూ మాలో ఒకణ్ణి పిలిచి నీకేం ఇష్టమని అడిగిన ఫోటోగ్రాఫర్ని నేను చూడలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. మా బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. "రాత్రి గోదావరి పేచీ పెట్టింది" అని మాట్లాడుకునేవాళ్ళం, ఇంట్లో పెద్దదాని గురించి చెప్పుకున్నట్టు. నా షిఫ్టులో ఒక క్రేను ఆపరేటరు తప్పెటగుళ్ళు ఆడేవాడు. సి షిఫ్టులో క్రేను ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఎత్తు మీద గుండెల మీద చేత్తో తాళం వేసుకుంటూ కాళ్ళు ఆడించేవాడు. కింద నుంచి మాకు కాళ్ళు మాత్రమే కనబడేవి. త్సావో ఫేయ్ చిత్రంలో అమ్మాయిని చూసి నేను చటుక్కున అతని పేరు పైకి అన్నాను.

4. నేను బతికున్నానని ఫోను ఒప్పుకుంది

ఏటా ఒకసారి పింఛనుదారులం బతికున్నట్టు రుజువు ఇవ్వాలి. ఇదివరకు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర. ఒక ఆఫీసులో నా వేలిముద్ర పడలేదు. 31 ఏళ్ళు స్పానర్లు, కేబుళ్ళు పట్టిన వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. పది వేళ్ళూ పెట్టించి, తుడిపించి, మళ్ళీ పెట్టించి, రేపు రమ్మన్నారు. అలా మూడు రేపులు తిరిగాను. కోపం వచ్చిన మాట నిజం. అయితే ఆ మూడు రోజులూ క్యూలో పాత మిల్లు మిత్రులు కలిశారు. ఎవరికి మోకాళ్ళు ఆపరేషనయింది, ఎవరి మనవడు ఇంజినీరింగులో చేరాడు, ఎవరు పోయారు, అన్నీ అక్కడే తెలిసేవి. టీ తాగి విడిపోయేవాళ్ళం.

ఇప్పుడు ముఖం చూపిస్తే చాలు. మనవరాలు ఫోను నా ఎదురుగా పట్టుకుంది. తెర మీద గుండ్రటి గీతలో నా ముఖం. కళ్ళు ఆర్పమంది. ఆర్పాను. అయిపోయింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, కుర్చీలోంచి లేవలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేనివాళ్ళకి ఇదెంత మేలో నాకు తెలుసు. ఆ సౌకర్యాన్ని తప్పుపట్టను. కానీ ఆ రోజు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ ఏడాది నన్ను బతికున్నావా అని అడిగింది ఆ ఫోనొక్కటే.

పిల్ల అదంతా చూస్తూనే ఉంది. నెల తిరక్కుండా కాలేజీ ప్రదర్శనకి తన పనేమిటో చెప్పింది. మా వరండాలోని రెండు చెక్క కుర్చీలు, వాటికెదురుగా ఒక టీవీ తెర. తెర మీద మా గ్రూపులో పద్దెనిమిదిమంది రిటైరైన కార్మికుల ముఖాలు, ఒక్కొక్కరే వచ్చి ఒక్కసారి కళ్ళు ఆర్పి వెళ్ళిపోతారు. మాట లేదు, సంగీతం లేదు. షరతు ఒకటుంది: కుర్చీలు రెండూ నిండితేనే తెర వెలగాలి. ఒక్కరే కూర్చుంటే చీకటి.

"దానికేదో సెన్సారు, ప్రోగ్రాము కావాలట తాతా, చాలా ఖర్చంట" అని దిగులు పడింది. నేను నవ్వి, గాజువాకలో పాత సామాన్ల కొట్టు నుంచి రెండు లిమిట్ స్విచ్చులు తెచ్చాను. ఒక్కో కుర్చీ అడుగున ఒకటి బిగించి, రెండింటినీ సిరీస్‌లో కలిపాను. సిరీస్‌లో రెండు స్విచ్చులూ పడితేనే కరెంటు పారుతుంది. ఒకటి పడి రెండోది పడకపోతే ఏమీ జరగదు. మిల్లులో ప్రమాదాలు ఆపడానికి ఇంటర్‌లాకులని పెట్టేవి ఇవే. నా చేతి పని ఒక కళాప్రదర్శనలో ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

ప్రదర్శన రోజు ఒక మూల నిలబడి చూశాను. ఒక్కడే వచ్చిన కుర్రాడు కూర్చున్నాడు, తెర వెలగలేదు. పాడైందేమోనని లేచి వైర్లు వెతికాడు. గోడ మీద చీటీ చదివాడు. అటూ ఇటూ చూసి, గది ఊడుస్తున్న ఆయమ్మని "అమ్మా, ఒక్క నిమిషం ఇలా కూర్చుంటారా" అని పిలిచాడు. ఆవిడ చీపురు గోడకి ఆనించి, చీర సర్దుకుని కూర్చుంది. తెర వెలిగింది. నాలుగో ముఖం వచ్చేసరికి ఆవిడ, "ఈయన మా వీధిలోనే ఉంటాడు బాబూ, కంచరపాలెం" అంది. ఆ కుర్రాడు పద్దెనిమిది ముఖాలూ అయ్యేదాకా లేవలేదు. ఆవిడ ఆ వీధి సంగతులు చెబుతూనే ఉంది.

5. తొట్లకొండ మీద గదులూ ఉన్నాయి, సావిడీ ఉంది

కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1974లో 'టీవీ బుద్ధ' అని ఒకటి చేశాడు. ఒక పాత బుద్ధ విగ్రహం, దానికెదురుగా ఒక టీవీ, టీవీ వెనక కెమెరా. కెమెరా బుద్ధుణ్ణి తీస్తుంది, టీవీ బుద్ధుణ్ణే చూపిస్తుంది. ఆయన తనని తానే చూసుకుంటూ ఉంటాడు. అంతే, ఇంకేం జరగదు. ధ్యానమని కొందరన్నారు, అద్దంలో చిక్కుకోవడమని కొందరన్నారు.

మాకు దగ్గరలోనే బావికొండ, తొట్లకొండ, భీమిలి పావురాలకొండ ఉన్నాయి. రెండువేల ఏళ్ళనాడు బౌద్ధ భిక్షువులు సముద్రం కనబడేలా ఆ కొండల మీద ఉన్నారు. పిల్లని స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తొట్లకొండకి తీసుకెళ్ళాను. రాతిలో తొలిచిన తొట్లు చూశాం, స్తూపం చూశాం, విహారాల పునాదులు చూశాం. గదులు చిన్నవి, వరసగా ఉంటాయి. వాటితో పాటు అందరూ కూడే పెద్ద మంటపం ఉంది, వంటశాల ఉంది, భోజనశాల ఉంది.

మా అమ్మాయి ఫ్లాటులాంటివి నేను హైదరాబాదులో చాలా చూశాను. అక్కడా గదులు వరసగానే ఉన్నాయి. సావిడి లేదు. క్లబ్ హౌసని కింద ఒకటుంది, తాళం వేసి ఉంది, ముందుగా బుక్ చేసుకోవాలట. ఏకాంతాన్ని కోరి వెళ్ళిన సన్యాసులే కలిసి తినడానికి చోటు కట్టుకున్నారు. లక్షలమంది ఉండే చోట మనం దాన్ని కట్టడం మరిచిపోయాం. పైక్ బుద్ధుడికి ఎదురుగా టీవీ ఉంది, పక్కన మనిషి లేడు. తొట్లకొండ నుంచి వచ్చాక నాకు ఆ బొమ్మలో ముందు కనబడేది ఆ పక్క ఖాళీయే.

6. రోలర్ల గురించి ఒక మాట

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, లండన్, పారిస్ మీదుగా న్యూయార్కు చేరారు, 2018లో అక్కడే పోయారు. ముద్రణ చిత్రాల్లో లోకమంతా ఆయన్ని గురువుగా ఎంచింది. ఒకే లోహపు పలక మీద అనేక రంగులు ఒకేసారి అచ్చు పడేలా చేసే పద్ధతిని పెంచినవారిలో ఆయన ముఖ్యులు. పలకని లోతుగా, మెరకగా చెక్కుతారు. మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలరు మెరకల మీదే పోతుంది. నూనె ఎక్కువున్న సిరా, తక్కువున్న సిరా ఒకదాన్నొకటి కలుపుకోవు, కనక దేని రంగు దానికి నిలుస్తుంది. రోలింగ్ మిల్లు రోలర్లు చూసినవాడికి ఇది అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. పనిముట్టు తనదయితే యంత్రం భయపెట్టదు. పైగా ఆ పని పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 లాంటి చోట పదిమంది మధ్య, ఒకరి చెయ్యి ఒకరు చూస్తూ జరిగింది. ఎక్కడో చిత్తూరు పల్లె నుంచి మహానగరానికి వెళ్ళిన మనిషికి ఆ వర్క్‌షాపే ఊరయి ఉంటుందని నేననుకుంటాను.

మన దగ్గరే ఉండి పదిమంది మధ్య పనిచేసినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదు చిత్రకారుడు సూర్యప్రకాష్ తొలిరోజుల్లో తుక్కు కింద పడేసిన మోటారు కార్లు వేశారు. తర్వాత రాలిన ఆకులు, నీటి మడుగులు వేశారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉండి బొమ్మలు వేసేవారు. చూపు కోసం వచ్చినవాళ్ళ మధ్య బొమ్మలు పెట్టడం కంటే మంచి గ్యాలరీ నాకు తోచదు. మన ఆంధ్రా యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన వి. రమేష్ విశాఖలోనే ఉంటూ దేశమంతటికీ తెలిశారు. ఢిల్లీ, బొంబాయి వెళ్తేనే బ్రతుకని పిల్లలు అనుకున్నప్పుడల్లా మా మనవరాలికి ఈ పేరు గుర్తుచేస్తాను.

7. తర్లువాడ ఇంకా ఊరుగా ఉండగానే రండి

1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. దాని కోసం జరిగిన ఉద్యమంలో 1966లో ప్రాణాలిచ్చినవాళ్ళున్నారు. ఆ ప్లాంటు నాకు అన్నం పెట్టింది, నా పిల్లల్ని చదివించింది. ఆ నేల మీద అంతకు ముందు పదుల ఊళ్ళుండేవి. ఊళ్ళు ఖాళీ చేసినందుకు వాళ్ళకి పునరావాసపు ఆర్ కార్డులిచ్చారు. నా పక్కన పనిచేసినవాళ్ళలో ఆ కార్డు మీద వచ్చినవాళ్ళున్నారు. ఒకాయన మా సబ్‌స్టేషను చూపించి, "ఇక్కడే మా చింతచెట్టు ఉండేది" అని తరచూ చెప్పేవాడు. ఆ చెట్టు ఎలా ఉండేదో, దాని కింద ఎవరు కూర్చునేవారో ఒక బొమ్మలో చూడాలని నాకు చాలా ఉండేది. ఆ ఊళ్ళను గీసిన బొమ్మ ఒక్కటీ నా కంటపడలేదు. ప్లాంటు ఫోటోలు మాత్రం వేలున్నాయి.

ఇప్పుడు మా ఆనందపురం మండలం వంతు వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెట్టి ఒక గిగావాట్ స్థాయి డేటా సెంటర్లు కడతానని ప్రకటించింది. వాటికి ఎంచుకున్న చోట్లలో మా తర్లువాడ ఒకటి, అడవివరం, రాంబిల్లి మిగతావి. గిగావాట్ అంటే ఎంతో విశాఖవాళ్ళకి సులువుగా చెప్పొచ్చు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం నాలుగు యూనిట్లూ కలిసి ఇచ్చేది 2,000 మెగావాట్లు. దాంట్లో సగం. ఆ కరెంటంతా తీసుకుని సర్వర్లు పగలూ రాత్రీ లెక్కలు కడతాయి, వేడెక్కుతాయి, వాటిని చల్లార్చుతూనే ఉండాలి. లోపల యంత్రాలు లెక్కలేనన్ని ఉంటాయి, మనుషులు చాలా తక్కువ. పని చేసేవాళ్ళు వేలల్లో ఉన్న కర్మాగారం నాకు తెలుసు. పనివాళ్ళు పలచగా ఉండే కర్మాగారం నా మండలానికే వస్తోంది.

నేను దానికి అడ్డం చెప్పను. భూములిచ్చే రైతులు పరిహారం గట్టిగా అడుగుతున్నారు, అది న్యాయమైన హక్కు, వాళ్ళకి దక్కాలి. పిల్లలకి ఉద్యోగాలు వస్తే అందరికంటే ముందు నేను సంతోషిస్తాను. నా బాధ వేరు. లోకంలో ఎక్కడో ఒక ఒంటరి మనిషి అర్ధరాత్రి ఫోనుతో చెప్పుకునే మాటలన్నీ రేపు మా తర్లువాడలో ఒక పెట్టెలో ఉంటాయి. టొరంటోలో మా అబ్బాయి మాటలు కూడా ఉంటాయేమో. ఆ పెట్టె కింద ఏ తోట ఉండేదో, ఆ తోటకి ఎవరు నీళ్ళు పెట్టారో చెప్పడానికి ఒక్క బొమ్మ కూడా లేకుండా పోకూడదు.

లలితకళలు చదివే పిల్లలూ, మీరు న్యూయార్కు, టోక్యో, షాంఘై ఒంటరితనం గురించి ఫోన్లో చూసి బొమ్మలు వేస్తున్నారు. వెయ్యండి, మంచిదే. కానీ ఊరు మీదికి యంత్రం వచ్చే క్షణాన్ని కళ్ళెదుట చూసే అవకాశం ఆ నగరాలవాళ్ళెవరికీ ఇప్పుడు లేదు, మీకుంది. మద్దిలపాలెంలో బస్సెక్కితే మా జంక్షనుకి గంట కూడా పట్టదు. చీకటితో వచ్చి పూల మార్కెట్టు గీయండి, పూలు కట్టే ఆడవాళ్ళని అడిగి గీయండి. ఎండ ఎక్కాక తర్లువాడ వెళ్ళండి. రైతు పేరు, పొలం పేరు, చెట్టు పేరు బొమ్మ వెనక రాయండి, తేదీ వెయ్యండి. కట్టడం మొదలయ్యాక మళ్ళీ వచ్చి అదే చోట నిలబడి ఇంకో బొమ్మ వెయ్యండి. ఒక్కరొక్కరుగా రాకండి, ఇద్దరిద్దరుగా రండి.

ఇటు వచ్చినప్పుడు మా ఇంటికీ రండి. ప్రదర్శన అయిపోయాక ఆ రెండు కుర్చీలూ మళ్ళీ మా వరండాలోకి వచ్చాయి. స్విచ్చులు ఇంకా తీయలేదు.